ఆయన ఆటకు రిలీవర్

ఇస్నాపూర్‌ల కిరాయికి ఉన్న రోజులవి. నేను కాలేజీల పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన మందుల కంపెనీల ఆపరేటర్. డ్యూటీ దిగినంక నెట్ సెంటర్‌ల కూసొని, వేరే ఊళ్లోళ్ల ముగ్గురితోని నెట్‌లనే జట్టుకట్టి కత్తియుద్ధాల ఆట ఆడేటోడు. ఆ జట్టంటే ఆయనకు ప్రాణం.

ఒకనాడు ప్రశ్నపత్రం ప్రింటు తీసుకుందామని ఆ సెంటర్‌కు పోతే, డ్యూటీల ఉండాల్సిన మా ఆయన పేరున్న వీరుడు తెర మీద కత్తి తిప్పుతున్నడు. కుర్చీల ఇంకెవరో.

"ఎవరయ్యా నువ్వు? మా ఆయన పేరుతోని ఎట్ల ఆడుతున్నవ్?" అని గట్టిగనే అడిగిన. సెంటరంత నాదిక్కే చూసింది.

"అన్ననే పాస్‌వర్డ్ ఇచ్చిండక్కా. ఆయన డ్యూటీల ఉంటే నేను ఆడి లెవెల్ పెంచుత."

నాకు నమ్మకం కుదరలే. పరాయోని కోసం ఊరికెనే ఎవరు కష్టపడతరు? ఆయన వచ్చేదాక పక్క కుర్చీల కావలి కూసున్న.

ఆయనొచ్చి నన్నే కసిరిండు. "కంపెనీల నేను దిగంగనే రిలీవర్ వచ్చి నా మిషన్ నడపడా? గిదీ గంతే. టైం మిగిలింది, బలం పెరిగింది."

"అయితే ఆడు, సూస్త."

ఆడిండు. కొత్తగ వచ్చిన ఆయుధాలకు ఏ బటన్ నొక్కాల్నో తెల్వక తడబడ్డడు. ఆయన అడ్డం నిలవలేకపోయేసరికి ఆటల మిగతా ముగ్గురూ చచ్చిన్రు. హెడ్‌ఫోన్‌ల హిందీ తిట్లు నాదాక వినొచ్చినయ్. అక్కడికక్కడే ఆయనను జట్టు నుంచి తీసేసిన్రు. మనిషి తల ఎత్తలే.

వారం తిరగకముందే ఆ ఖాళీల చేరిందెవరనుకున్నరు? ఆ రిలీవరే, సొంత పేరుతోని! ముందే అనుకొని చేసిండని నేనంట, కాదని ఆయనంటడు. ఇప్పటికీ తెగలే. లెవెల్ ఎవరన్న పెంచుతరు, చెయ్యి తిరగాలంటే మాత్రం మనమే ఆడాలె.

ఆ సంగతి తెల్సిననాడే "మళ్ల మొదటినుంచి ఆడుత" అన్నడాయన.

"ఆడు. పాస్‌వర్డ్ మాత్రం నాక్కూడ చెప్పకు" అన్న.