ఐర్లండు లంక

ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా నేను కొల్లేరు లంకలో పుట్టాననే నమ్మాను. ఏలూరు మిషను హాస్టల్లో వంట చూసుకునే మా అమ్మ నన్ను పెంచుకుంది. పసిగుడ్డుని ఆమె చేతిలో పెడుతూ హాస్టలు నడిపే దొరసాని "ఐర్లండు" అందట. అమ్మ చెవిలో అది "ఐలండు" అని పడింది. ఇంగ్లీషు పంతులు గారిని అడిగితే, ఐలండంటే లంకేనండీ అన్నారట. ఇంకేం, నాది కొల్లేరయింది.

వేసవి వస్తే అమ్మ నన్ను పడవెక్కించి లంకలకు తీసుకెళ్ళేది. నా పిల్లికళ్ళు ఇంకెవరికైనా ఉన్నాయేమోనని ప్రతి మొహంలోనూ వెతికేదాన్ని. ఎవరికీ లేవు. అయినా అక్కడి ఆడవాళ్ళు నన్ను ఆడపడుచని పిలిచి చేపల పులుసుతో అన్నం పెట్టేవారు. లేని చుట్టరికాన్ని కడుపారా తిన్నాను. ఎక్కడ తిరిగినా సాయంత్రానికి ఇల్లు చేరతానని అమ్మకు ధీమా.

నాకు మడతచాకుల పిచ్చి. తాడేపల్లిగూడెం సంతలో కొన్న కొమ్ముపిడి చాకు ఎప్పుడూ నా బొడ్లో ఉండేది. ఆడపిల్లకి చాకెందుకని అడిగినవాళ్ళకు, మామిడికాయ చెక్కు ఎక్కడా తెగకుండా తీసి చేతిలో పెట్టేదాన్ని. మూసేటప్పుడు అది టక్కుమంటే నా ప్రాణం లేచొచ్చేది.

దొరసాని స్వదేశం వెళ్ళిపోయే ముందు నన్ను పిలిపించింది. నన్ను కన్నతల్లి పురిట్లోనే పోయిందట. రైలుపని మీద వచ్చిన మా నాన్న ఆ నెలలోనే జ్వరంతో పోయాడట. ఆయనది ఐర్లండట. ఇన్నేళ్ళకు దొరికిన ఆయన చెల్లెలు ఉత్తరం రాసి, దాంతోపాటు ఆయన చిన్ననాటి చాకు పంపింది. ఊరంతా ఆయన్ని చాకుల పిచ్చోడనేదట. నాకు నవ్వాగలేదు. దొరసాని మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. పటం తెరిచి చూస్తే ఐర్లండూ సముద్రం నడుమ ఒక లంకే. పంతులు గారు మరీ తప్పు చెప్పలేదు. నేల మీద కాళ్ళు నిలవక ఇంటిదాకా పరుగెత్తాను.

ఉత్తరం అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. పిచ్చి ఎవరిదో తేలింది, మొండితనం మాత్రం నా పెంపకమే అని అమ్మ మురిసింది. ఉత్తరం చివర్లో "నువ్వు వచ్చేయ్, ఇక ఇక్కడే ఉండిపో" అని ఉంది. నేను మాత్రం "మీరిద్దరూ ఒకసారి వచ్చి వెళ్ళండి" అని చదివాను.

అమ్మ నా మొహంలోకి పరీక్షగా చూసింది. నాకు భయం వేసింది.

"అబద్ధం చదవడం నీకు చేతకాదే," అంది. "కాగితం తీసుకో. పిల్ల వస్తుందండీ, అందరినీ చూసి తిరిగి వచ్చేస్తుందండీ, అని రాయి. ఇంగ్లీషులో పెద్దక్షరాలని ఉంటాయటగా?"

ఉంటాయన్నాను.

"వచ్చేస్తుందన్న ముక్క వాటితో రాయి."