సీతాఫలం అంటిన వేలు

ఒంట్లో ఏ కాస్త తేడా వచ్చినా ఇక అదే నా చివరి జబ్బని గట్టిగా నమ్మిన వయసొకటి నాకుండేది. డిగ్రీ పూర్తిచేసి, వనపర్తిలో ఒక విత్తనాల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన రోజులవి. దగ్గు వస్తే ఊపిరితిత్తులు పోయాయనుకునేవాణ్ణి, తలనొప్పి వస్తే మెదడు పోయిందనుకునేవాణ్ణి. ఫోన్‌లో వెతికితే అది కూడా అవునవునని వంత పాడేది. (మనిషి ఆరడుగులు, ధైర్యం జానెడు అనేది మా వదిన. ఆరడుగులనడం ఆమె మంచితనం.) అలాంటి నాకు, అవ్వను దవాఖానకు తీసుకుపోయే పని అప్పజెప్పారు మావాళ్లు.

అవ్వంటే మా నాయన తల్లి. శ్రీరంగాపూర్ దగ్గరి మా ఊళ్లో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆమెకు షుగర్. చెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన పడిన పుండు ఎన్నాళ్లకూ మానడం లేదు. మా ఊరి పల్లె దవాఖాన డాక్టరమ్మ ఇంటికే వచ్చి, "అవ్వా, గోలీలు సక్కగ ఏసుకోకుంటే వేలు తీసెయ్యాల్సొస్తది. పరీక్షకు గూడ రావాలె" అని గట్టిగా చెప్పి వెళ్లింది. అవ్వ అన్నీ విన్నది. గోలీని మాత్రం బుగ్గన పెట్టుకుని, నీళ్లు తాగినట్టు చేసి, కొట్టం వెనక్కి పోయి ఉమ్మేసేది. "ఆడికి పోతే లేని రోగాలు గూడ జెప్తరు" అనేది. ఆ వేలు తలుచుకుని నేనే ఆమె వెంటపడ్డాను. బతిమాలాను, అలిగి అన్నం మానేశాను. (ఒక పూటే. రెండో పూట ఆకలైంది.) చివరికి నాకు సెలవు దొరికిన రోజున ఆమె ఒక షరతు మీద కదిలింది. "నువ్వు గూడ వేలికి సూది పొడిపిచ్చుకుంటే వస్త. గప్పుడు తెలుస్తది నీకు."

సీతాఫలాల కాలం అది. గుట్ట మీది కాయలు గంపనిండా తెచ్చిన ఒకామె దవాఖాన మెట్ల దగ్గర కూర్చుని ఉంది. తాను తినకూడదు కాబట్టి, అవ్వ నాకు తినిపించే పని పెట్టుకుంది. కళ్లు విచ్చిన కాయల్ని ఒత్తి చూస్తూ, "ఇది తిను, ఇది ఇంక మెత్తగుంది" అని అందిస్తుంటే, నేను రాబోయే సూదిపోటును మరిచిపోవడానికి తింటూనే ఉన్నాను. గుజ్జు మోచేతుల దాకా కారింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు. గబగబా వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాను. "చేతులు కడుక్కున్నవా అన్నా?" అని సిస్టరమ్మ అడిగితే తలూపాను. నా ధ్యాసంతా సూది మీద ఉంది. ఆ క్షణాన ఏమడిగినా తలూపేవాణ్ణే.

నా వేలి నెత్తుటి చుక్కకు మిషన్ మీద నాలుగు వందలు దాటిన అంకె వచ్చింది. సిస్టరమ్మ డాక్టరమ్మను పిలిచింది. పొద్దున ఏం తిన్నావని ఆమె అడిగితే, జొన్నరొట్టె అని నిజమే చెప్పాను. పొద్దున తిన్నది అదే మరి. "పరేషాన్ గాకు. రేపు పొద్దుగాల ఏం తినకుండ రా, మల్ల జూద్దాం. ఈలోపల ఆయాసం గిట్ల వస్తే వెంటనే రా" అందామె. అవ్వ తన పరీక్ష సంగతి గాలికొదిలేసి, నా చేయి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

ఆ పగలు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. నోరెండిపోతోందని చెంబెడు నీళ్లు తాగాను. తాగినందుకు పెరట్లోకి పరుగెత్తాను. ఫోన్‌లో చూస్తే ఈ రెండూ షుగర్ లక్షణాలేనని ఉంది. ఆ భయానికి ఇంకో చెంబు తాగాను. నా బొటనవేళ్లు కూడా చూసుకున్నాను, పుండు ఏమైనా మొదలైందేమోనని. సాయంత్రం మంచం మీద ముడుచుకుని ఉంటే అవ్వ గోలీల కవరు తీసుకుని వచ్చింది. నా ఎదురుగా నిలబడి ఒకటి మింగి, నోరు తెరిచి చూపించింది. "సూడు, నాకేమన్న అయిందా? నీకు గూడ గివే ఇస్తరు. నేనున్న గద కొడుకా." తన వేలు పోతుందంటే బెదరని మనిషి నాకోసం బెదిరిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు నాకంటే ముందే తయారై బండి దగ్గర నిలబడింది. డాక్టరమ్మ నాచేత సబ్బుతో చేతులు కడిగించి, ఆరాక పరీక్ష చేసింది. వంద లోపే వచ్చింది. ఆమె నన్ను తేరిపార చూసింది. "నిన్న ఈ మెట్ల మీద సీతాఫలాలు తింటివంట గద, గంపామె జెప్పింది. నిజంగనే చేతులు కడుక్కున్నవా?" నేను నిన్న తొడుక్కున్న ప్యాంటే తొడుక్కుని ఉన్నాను. తొడల మీద చారికలు అలాగే ఉన్నాయి. ఆమె చూపు వాటి మీదే ఆగింది. "షుగర్ నీ నెత్తుర్ల లేదు, నీ వేలికుంది" అందామె. సిస్టరమ్మ ముఖం అటు తిప్పుకుని నవ్వింది.

అవ్వ శ్రీరంగాపూర్ దిక్కు తిరిగి రంగనాయకస్వామికి దండం పెట్టుకుంది. తర్వాత కొంగు దోపుకుని, "ఇగ పా. మనకీడ ఏం పని?" అంది. ఇప్పుడు గడప దాటిందంటే మళ్లీ రాదు. నాకున్న భయాన్నే బయటపెట్టాను. "అవ్వా, నాకింక భయం పోలే. నెలనెల వచ్చి సూపిచ్చుకుంట. నువ్వు తోడు రావాలె. ముందుగాల నువ్వు పొడిపిచ్చుకో, నేను సూస్త."

అవ్వ "గింత మనిషివైనవ్, జర సిగ్గుండాలె" అంటూ వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని వేలు చాచింది.

చలికాలం పోయేలోపు పుండు మానింది. వేలు దక్కింది. ఇప్పుడు నా చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి, దగ్గినప్పుడల్లా ఫోన్ తీయడం కూడా మానేశాను (దాదాపుగా). నెలనెలా దవాఖానకు పోవడం మాత్రం మానలేదు. "మా పిల్లగాడు పిరికోడు, నేను లేకుంటే పోడు" అని అవ్వ ఊరంతా చెబుతుంది. నేను కాదనను. లోపలికి వెళ్లే ముందు తానే నల్లా తిప్పి, నా చేతులు పట్టి నీళ్ల కింద పెడుతుంది.

"వేళ్ల సందులల్ల గూడ రుద్దు" అంటుంది. రుద్దుతాను.