లేత్ మిషన్ దిగిన రోజు

గ్రీజు వాసనొస్తే ఇప్పటికీ శంషాబాద్‌లో ఆ సెల్లార్ మెట్లే గుర్తొస్తాయి. నాకప్పుడు ఏడేళ్లు. రోడ్డు వెడల్పులో బాపు ఇనుప పని చేసే షెడ్డు పోయింది. బాపు, ఇద్దరు హమాలీలు లేత్ మిషన్‌ను కిరాయి సెల్లార్‌లోకి దించుతున్నారు. స్తంభానికి చుట్టిన మోకును పైనుంచి అమ్మ పట్టుకుంది.

"జర గట్టిగ పట్టవే! మిషన్ పోతె అడుక్కతినుడే ఇగ!" అని బాపు అరిచాడు.

మిషన్ జారింది. అమ్మ చేతుల్లో మోకు సర్రున ఒరుసుకుపోయింది, అయినా ఆమె వదల్లేదు. మిషన్ క్షేమంగా దిగింది. బాపు దాన్నే తడిమి చూసుకున్నాడు. నేనూ దాని దగ్గరికే ఉరికాను.

పైకొస్తే అమ్మ అరచేతులు ఎర్రగా ఉన్నాయి. గోరింటాకు అనుకున్నాను.

"నువ్వొక్కదానివే మైదాకు పెట్టుకున్నవా?" అని అలిగాను.

"నీకు గూడ పెడత తియ్ బిడ్డా," అంది.

ఆ సాయంత్రమే, అవే చేతులతో ఆకు నూరింది. మధ్యమధ్యలో చేతులు నీళ్లలో ముంచింది. ఎందుకని బాపు అడగలేదు. నేనూ అడగలేదు.