ప్రశంసాపత్రానికి అంటిన సున్నం

ఆటస్థలంలో సున్నపు గీత ఎక్కడ కనిపించినా నాకు ఒక సంస్కృత ధాతువు గుర్తొస్తుంది. ఈ జబ్బు ఎనభైల మొదట్లో గురజాలలో అంటుకుంది.

అక్కడి ఒక హైస్కూల్లో కొత్తగా తెలుగు మేష్టరుగా చేరాను. నాకు అప్పజెప్పిన మొదటి పెద్దపని పాఠం చెప్పడం కాదు, పొగడడం. డ్రిల్లు మేష్టారు రిటైరవుతున్నారు, ప్రశంసాపత్రం నువ్వే రాయాలన్నారు హెడ్మాస్టరుగారు.

వెంటనే నిఘంటువు తీశాను. ప్రశంసకు మూలం 'శంస్' అనే ధాతువు. గొంతెత్తి పలకడం, నలుగురికీ వినిపించేలా చెప్పడం. అంటే మనసులో మెచ్చుకుని ఊరుకుంటే అది ప్రశంస కాదన్నమాట. నాకు గొంతుంది, సమాసాలున్నాయి. ఇంకేం కావాలి?

సభకు ముందురోజు డ్రిల్లు మేష్టారు స్టాఫ్‌రూములో నా పక్కన చేరారు. ఆయన ఈల ఊరి చివరి దాకా వినపడేది, మాట మాత్రం పక్కవాడికి కూడా అనుమానమే.

"తెలుగు మేష్టారూ, రేపు మా ఇంటిది వస్తంది. ఇన్నేళ్లూ నేను బడికి పోయి ఈల ఊదుకొని వస్తాననే అనుకుంటది. నా నోటితో నేనేం చెప్పుకుంటా? మీరు చెప్తే వింటదని..."

"చూస్తూ ఉండండి, పిన్నిగారు ఆశ్చర్యపోతారు," అన్నాను. ఆ మాట నిజమైంది. నేననుకున్న పద్ధతిలో కాదు.

గులాబీరంగు కాగితం, బంగారు అక్షరాలు, చుట్టూ ఫ్రేము. మర్నాడు సభలో గొంతు సవరించుకుని అందుకున్నాను. "క్రీడాకళాకోవిదా! విద్యార్థిహృదయవిహారీ!" హెడ్మాస్టరుగారు తలూపారు. పిల్లలు, సమాసాల తర్వాత రాబోయే సమోసాల వైపు చూస్తున్నారు. డ్రిల్లు మేష్టారు మాత్రం ముందు వరసలో ఉన్న భార్య మొహాన్నే చూస్తున్నారు. ఆ మొహంలో ఏమీ లేదు.

మూడో సంబోధన దగ్గర ఆవిడ లేచి నిలబడ్డారు.

"ఏందయ్యా, అదంతా ఎవురి గురించి?"

హాలంతా నవ్వు.

"మేష్టారి గురించేనండీ పిన్నిగారూ."

"ఈయన గురించా? మరి ఈయన చేసిందేందో ఒక్కటన్నా చెప్పవేం?"

ప్రశంస మధ్యలో ప్రశ్న పడింది. కాగితమంతా వెతికాను. కోవిదుడున్నాడు, విహారి ఉన్నాడు, మా డ్రిల్లు మేష్టారే లేరు. ఫ్రేమును బల్ల మీద బోర్లా పెట్టి, నేను రోజూ చూసింది చెప్పాను.

"మన గ్రౌండంతా మొనదేలిన రాళ్లేనండీ. పిల్లల్లో చానామందికి చెప్పుల్లేవు. మేష్టారు బెల్లు కొట్టకముందే వచ్చి, వంగి రాళ్లు ఏరతారు. ఏరినంతమేరా పిడుగురాళ్ల సున్నంతో గీతలు గీస్తారు. ఆ గీతల మధ్య పరిగెత్తితే కాలికి రాయి తగలదు. ఆ సంగతి మన బళ్లో పిల్లలందరికీ తెలుసు. వానకు గీత చెరిగితే మళ్లీ ఏరి, మళ్లీ గీస్తారు."

పిల్లలు సమోసాలు మర్చిపోయి చప్పట్లు కొట్టారు. ఆవిడ భర్త వైపు తిరిగారు.

"ఆ సున్నం దీనికా? ప్యాంట్లు ఉతకలేక, యాడ పొర్లాడొస్తన్నావయ్యా అని రోజూ తిట్టిపోస్తంటే, ఒక్కనాడన్నా నోరు తెరిచి చెప్పవేం?"

"నువ్వు చెప్పనిస్తేగా," అన్నారు మేష్టారు. ఆ మాట మాత్రం హాలంతా వినపడింది.

నవ్వులు ఆగేదాకా ఆవిడ నిలబడే ఉన్నారు. తర్వాత కూర్చుని, చెంగు సర్దుకుని, నా వైపు చూశారు.

"ఇంకా చెప్పయ్యా. ఏం తొందర లేదు."

చెప్పాను. సమోసాలు చల్లారిపోయాయి.