గడ్డిదూడ, సైన్సు సారు

నా పేరు బాలమ్మ. ఏండ్లు అరవై దాటాయి. పత్తర్‌గట్టి వెనక గల్లీలో పాలమ్ముకునే ఇల్లు మాది. ఇంట్లో నేను, సుగుణ, మూడు బర్రెలు. మా వెనక గదిలో కిరాయికున్న సైన్సు సారు మొన్న పొద్దున పోయారు. సుగుణ దొడ్డి గుమ్మంలో నిలబడి, "సారు పోయిండు" అన్నది. నేను పితకడం ఆపలేదు. సగంలో ఆపితే బర్రె తంతుంది.

బడివాళ్లు సంతాపసభలో చదవడానికి సారు మీద నాలుగు మంచి మాటలు అడిగారు. నాకు రాయరాదు, నేను చెబుతుంటే బడి గుమాస్తా రాస్తున్నాడు. అన్నీ మంచివే చెబుతానని మాత్రం మాటివ్వలేదు.

సారు పొద్దున్నే గ్లాసు పట్టుకొని పాలకు వచ్చేవారు. చీమలబారు అడ్డమొస్తే ఆగి, కాలు చాపి దాటేవారు. సుగుణకు ఊరికే చదువు చెప్పారు. అది ఇవాళ కంచన్‌బాగ్‌లో నౌకరీ చేస్తున్నదంటే ఆయన చలవే. అది కాదనను. ఆయన చేసిన గాయం కూడా కాదనను.

సుగుణ నా కడుపున పుట్టలేదు. నా పిల్ల పురిట్లోనే పోయింది. ఆ రోజుల్లోనే పక్కింటామె దీన్ని కని కన్నుమూసింది. నా పాలు తాగి పెరిగింది. సంగతి దానికి మొదటినుంచీ తెలుసు.

ఒక ఏడు మా బర్రె దూడ చచ్చింది. అట్లా చస్తే తోలులో గడ్డి కూరి, కుట్టి, తల్లి ముందు నిలబెడతాం. తన దూడే అనుకొని నాకుతుంది, చేపుతుంది, పాలు దిగుతాయి. సారు నిలబడి చూశారు.

"చూస్తివా బాలమ్మా, ప్రేమంటే గిదే. జీవం నిలవాలె గాబట్టి ఒంటికి గా గుణం పుట్టింది. మనం మంచి అని పేరు పెట్టుకున్నం. గంతే."

"నోట్ల పెండ కొడ్త సారూ! నేను బర్రెనా?"

"తప్పేముంది? నీ బిడ్డ పాయె. దీన్ని తెచ్చి ఒళ్లె పెట్టిరి. నీకు పాలు దిగె."

సుగుణ పాల క్యాను పట్టుకొని అక్కడే ఉంది. "అయితే నేను గడ్డిదూడనా సారూ?"

ఆయన కాదనలేదు. నిజానికి మొహమాటం పనికిరాదని ఆయన ఎప్పుడూ అనేమాట.

నేను ఊరుకోలేదు. "కండ్లు గూడ బతకనీకే పుట్టినయి గద? మరి కండ్లకు అవుపడే చార్మినార్ అబద్ధమా?"

"చార్మినార్ ఉన్నది. మంచి ఏడున్నది? చూపియ్యి."

చూపిద్దామని పక్కకు తిరిగాను. సుగుణ అప్పటికే లోపలికి పోయింది. ఆనాటి నుంచి నన్ను అమ్మా అనడం మానేసింది.

పోయినేడు సారుకు పక్షవాతం వచ్చింది. సొంత తమ్ముడు వచ్చి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని, గుమ్మంలోంచే తిరిగిపోయాడు. ఎత్తిపోసింది, కడిగింది, గంజి పట్టింది సుగుణే. ఒకనాడు ఆయన వంకరపోయిన నోటితో అడిగారు.

"నేను నీకేమైత బిడ్డా? ఎందుకు జేస్తున్నవ్?"

"గడ్డిదూడను నాకుతున్న సారూ," అన్నది, మూతి తుడుస్తూ. నేను దాన్ని ఆపలేదు. వినడానికి తియ్యగా ఉండింది.

ఆయన కంట్లోంచి నీళ్లు కారాయి. "బర్రెకు గది గడ్డి అని తెల్వది. నీకు తెలుసు. మీ అమ్మకు గూడ తెలుసు. గది నేను లెక్కకు తీసుకోలే."

ఆ ముక్క అన్నేళ్ల కింద దొడ్డిలోనే అంటే ఆయన సొమ్మేం పోయేది? నేను క్షమించలేదు.

ఆ గడ్డిదూడ ఇంకా దొడ్డిగోడకు వేలాడుతోంది. చెవులు ఎలుకలు తిన్నాయి. సారును తీసుకుపోయాక దాని తల్లి, ఇప్పుడు ముసలి బర్రె, మెడ చాచి దాని వాసన చూసి, తల తిప్పుకుంది.

సాక్షి సంతకానికి సుగుణ నా పక్కనే కూర్చొని కలం పట్టుకున్నది. పేరు పక్కన ఏమని రాసినా నాకు చదవరాదు. చదివి చెప్పమని ఎవరినీ అడగను.

బాలమ్మ ఎడమచేతి వేలిముద్ర

సాక్షులు:
నర్సింగ్‌రావు, బడి గుమాస్తా
సుగుణ, బాలమ్మ బిడ్డ