అర సెకను

మా నాన్నగారు యానాంలో ఫ్రెంచి మాస్టారు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా మా చేత ఫ్రెంచిలోనే మాట్లాడించేవారు. తప్పు మాట్లాడితే సరిగ్గా చెప్పేదాకా పెరుగు వడ్డించనిచ్చేవారు కాదు. ఆ భాషతో నేను ఎప్పుడైనా ఉద్యోగం చేస్తానని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పెళ్లయ్యాక జెర్సీ సిటీ వచ్చేశాను. మా ఆయనకి మాన్‌హట్టన్‌లో ఆఫీసు. నాకు వర్క్ పర్మిట్ రావడానికే ఏళ్లు పట్టింది. వచ్చాక ఒక ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీకి ఇంటి నుంచే పని చేసేదాన్ని. పశ్చిమ ఆఫ్రికా వాళ్ల బర్త్ సర్టిఫికెట్లు, హైతీ వాళ్ల హాస్పిటల్ కాగితాలు, అన్నీ ఫ్రెంచిలోవే.

ఒక ఫిబ్రవరి మంగళవారం ఏజెన్సీ మేనేజర్ ఫోన్ చేసింది. "ఫుట్‌బాల్ గురించి మీకేమైనా తెలుసా?" అంది. ఏమీ తెలీదన్నాను. "పర్లేదు, ఫ్రెంచి తెలుసు కదా" అంది. దగ్గర్లోని ఒక క్లబ్బు ఫ్రాన్స్ నుంచి ఒక మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చుకుంది. అతనికి ఇంగ్లీషు రాదు. వచ్చేదాకా ప్రాక్టీసులో, మీటింగుల్లో, డాక్టర్ దగ్గర పక్కన ఒక మనిషి ఉండాలి.

ఫుట్‌బాల్ ఆటగాడంటే కొండంత మనిషి అనుకున్నాను. వచ్చినతను మా ఆయనంత ఎత్తు, సన్నగా ఉన్నాడు. ముప్పై మూడేళ్లకే నుదుటి మీద జుట్టు పల్చబడింది. నేను నాన్నగారు నేర్పిన పద్ధతిలో పలకరించాను. అతను నవ్వాడు.

"మేడమ్, మీరు మా అమ్మమ్మగారి ఊరి చర్చి ఫాదర్‌లా మాట్లాడుతున్నారు" అన్నాడు.

నాకేం కోపం రాలేదు. నాన్నగారి ఫ్రెంచి ఆయనకంటే ముసలి పుస్తకాల్లోది.

అతనికి ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేదాకా, రెండు నెలల పాటు, నేనే రోజూ నా కార్‌లో గ్రౌండ్‌కి తీసుకెళ్లేదాన్ని. ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేవాడు కాదు. మోకాలు ఆడిస్తూ ఉండేవాడు. అస్తమానం ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసేవాడు. మమ్మల్నెవరైనా ఫాలో అవుతున్నారేమో అని నాకు మొదట్లో భయం వేసింది. ఉండబట్టలేక అడిగాను.

"బంతి కాలి దగ్గరికొచ్చాక చూస్తే లాభం లేదు మేడమ్. రాకముందే వెనకాల ఎవరున్నారో తెలియాలి. చిన్నప్పట్నుంచీ చూసీ చూసీ ఇప్పుడు మెడ దానంతటదే తిరుగుతోంది."

నిజమే. ఎడిసన్‌లో మన ఇండియన్ సరుకుల షాపుకి తీసుకెళ్తే, పచ్చళ్ల వరస దగ్గర నిలబడి కూడా అలాగే వెనక్కి చూశాడు.

ఆ కార్‌లోనే అతని కెరీర్ అంతా విన్నాను. ఉత్తర ఫ్రాన్స్‌లో బొగ్గు గనులు మూసేసిన ఊరు. తండ్రి బస్సు డ్రైవరు. పదమూడో ఏట ఇంటికి దూరంగా ఒక అకాడమీ హాస్టల్‌లో చేర్చారు. పదహారో ఏట మొదటిసారి ఎవరో నువ్వు స్లో అన్నారు. అందుకని పక్కల నుంచి తీసి మైదానం మధ్యలో పెట్టారు, అక్కడ కాళ్లకంటే కళ్లకి పని ఎక్కువ. పంతొమ్మిదికి మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత మూడేళ్లు, మూడు ఊళ్లు. పక్కింటివాళ్లకి సైకిలిచ్చినట్టు క్లబ్బులు ఆటగాళ్లని ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకుంటాయట. పెద్ద లీగులో ఆడింది రెండే రెండు సీజన్లు. వాటి గురించి చెప్పేటప్పుడు మోకాలు ఇంకా వేగంగా ఆడేది. రెండో సీజన్ చివర ఆ మోకాల్లోనే లిగమెంట్ తెగింది. కోలుకుని తిరిగొచ్చేసరికి అతని చోట ఇంకొకడున్నాడు. తర్వాత బెల్జియం, టర్కీ, మళ్లీ ఫ్రాన్స్, ఇప్పుడు అమెరికా.

"మా పెద్దమ్మాయి 'మనం ఎక్కడికి వెళ్తున్నాం' అని నాలుగు భాషల్లో అడగగలదు" అన్నాడొకసారి.

అసలు మీరు చేసే పనేంటని అడిగితే, కాఫీ షాపులో టేబుల్ మీద చక్కెర పొట్లాలు పేర్చాడు. "వీళ్లు వెనకవాళ్లు, వీళ్లు ముందువాళ్లు. వీళ్ల దగ్గర తీసుకుని వాళ్లకిస్తాను. సరిగ్గా చేస్తే నన్నెవరూ గమనించరు." నా ఉద్యోగమూ అదే కదా అనుకున్నాను.

అతని అస్థిమితం నాకూ అంటుకుంది. మ్యాచ్ ఉన్న రోజు పొద్దుట్నుంచీ కాలు నిలిచేది కాదు. స్టేడియంలో అందరూ బంతి వైపు చూస్తుంటే నేను అతన్నొక్కణ్ణే చూసేదాన్ని. "ఏంటి, కూరలు తరుగుతూ కూడా వెనక్కి చూస్తున్నావు?" అన్నారు మా ఆయన.

జూలైలో ఒక రోజు ప్రాక్టీసు అయ్యాక కోచ్ తన గదికి పిలిచాడు. కోచ్ నెమ్మదస్తుడు, ఎవరి మీదా గొంతెత్తడు. ఆ రోజు పొద్దున్నే గ్రౌండ్ దగ్గర మా మిడ్‌ఫీల్డర్ ఫోన్‌లో పిల్లల ఫోటో చూపించాడు. చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి. ఆగస్టు చివర భార్య, పిల్లలు వచ్చేస్తున్నారు, స్కూలుకి దగ్గరగా పెద్ద అపార్ట్‌మెంట్ చూస్తున్నానన్నాడు.

కోచ్ నాతో అన్నాడు: "ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రతి బంతికీ అర సెకను లేట్ అవుతున్నాడు. ఇలాగే ఉంటే ఆగస్టు తర్వాత నా టీమ్‌లో చోటుండదు. మార్చుకోగలడేమో చూడమనండి."

ఫ్రెంచి వాక్యం మొత్తం నా నోట్లో తయారుగా ఉంది. అతను ముందుకు వంగి నా మొహంలోకి చూస్తున్నాడు. నేనన్నది ఇది: "బంతి కొంచెం త్వరగా వదలమంటున్నారు. మిగతాదంతా బాగుందట."

ఆ రెండో మాట పూర్తిగా నాది. అతను తలాడించి, వచ్చీరాని ఇంగ్లీషులో కోచ్‌కి థాంక్స్ చెప్పాడు. ఎంత బాగా తీసుకున్నాడో అని కోచ్ సంతోషించాడు.

బయటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. పార్కింగ్ లాట్‌కి చేరేలోపే అతను అపార్ట్‌మెంట్ వాళ్లతో ఫోన్‌లో ఉన్నాడు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ చెప్పలేదు. తర్వాత రెండు మ్యాచ్‌లు అతన్ని ఆడించకుండా బెంచి మీద కూర్చోబెట్టారు. ఎందుకంటారని నన్నడిగాడు. "ఎండలు కదా, రెస్ట్ ఇస్తున్నారేమో" అన్నాను. అది రెండో అబద్ధం. ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి బయటికి వచ్చేశాను. కార్ల మధ్య అటూ ఇటూ తిరిగి, పాట మొదలయ్యాక లోపలికెళ్లాను. అలా మూడు వారాలు గడిపాను.

ఆగస్టు రెండో వారంలో మళ్లీ పిలిచారు. ఈసారి కోచ్ పక్కన క్లబ్బు మేనేజర్, చేతిలో కాగితం. ఇక్కడ ఆటగాణ్ణి అడక్కుండానే ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకి ఇచ్చేయొచ్చు. కాలిఫోర్నియాలో ఒక క్లబ్బుకి ఇచ్చేశారు, ఎల్లుండి ఫ్లైట్. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అతని మోకాలు ఆడటం ఆగిపోయింది. అతను అంత కదలకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"ఎందుకు?" అన్నాడు.

"జూలైలోనే చెప్పాను కదా. ఈవిడ ఇక్కడే ఉన్నారు" అన్నాడు కోచ్.

ఆ మాట కూడా ఫ్రెంచిలోకి చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"జూలైలో ఏం చెప్పారు?" అతను కోచ్ వైపు చూడలేదు, నన్నే అడిగాడు.

ప్రతి మాటా గుర్తుంది. చెప్పేశాను. తర్వాత కోచ్ వైపు తిరిగి, ఆ రోజు నేను ఏం మార్చి చెప్పానో ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ నుదురు పట్టుకున్నాడు. సంతకాలు అయిపోయాయి, ఇక చేసేదేమీ లేదన్నాడు మేనేజర్.

బయట నేను కార్‌లో కూర్చుని తాళం తిప్పలేక ఉండిపోయాను. అతను వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు.

"పదహారేళ్లప్పట్నుంచీ నన్ను స్లో అంటూనే ఉన్నారు మేడమ్. నాకది కొత్త కాదు. అన్న ప్రతిసారీ దాని కోసం చెమటోడ్చాను. ఈసారి నన్ను ఆ పని చేయనివ్వలేదు మీరు."

అంతే, వెళ్లిపోయాడు.

ఏజెన్సీకి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మనుషుల మధ్య మాట్లాడే పనులు ఆపేసి మళ్లీ కాగితాలిచ్చారు. "పోనీలే, నువ్వు అతని మంచికే కదా చేశావు" అన్నారు మా ఆయన. "అతని మంచికి కాదండీ, ఆ మాట అనడం నాకు కష్టమై చేశాను" అన్నాను. ఆ మాట పైకి అన్నాక గానీ అది నిజమని నాకూ తెలీలేదు.

ఆ సీజన్ అంతా పొద్దున్నే కాఫీ పెట్టుకుని అతని మ్యాచ్‌ల రికార్డింగులు చూసేదాన్ని. అతన్ని చివరి పావుగంటకి మాత్రమే మైదానంలోకి దింపేవారు. ఏమీ తెలియని నాకే ఇప్పుడు కనిపిస్తోంది: బంతి వస్తుంది, అతను ఎటివ్వాలో చూస్తాడు, అప్పటికే అవతలివాడి కాలు అడ్డం ఉంటుంది. అంటే కోచ్ అన్నది నిజమే, నేను చెప్పినా ఏమీ మారేది కాదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు కాస్త తేలిగ్గా ఉండేది. కప్పు కడిగేలోపు ఆ తేలిక పోయేది.

మరుసటి వేసవిలో మా ఆయనకి కాలిఫోర్నియాలోనే, శాంటా క్లారాలో వారం రోజుల పని పడింది. నేనూ వెళ్లాను. క్షమాపణ చెప్పుకోవాలి, పది నిమిషాలు చాలని అతనికి మెసేజ్ పెట్టాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒక పార్కు అడ్రసు పంపాడు.

భార్య నన్ను మర్యాదగా పలకరించి, పిల్లల్ని తీసుకుని ఊయలల వైపు వెళ్లింది. మేమిద్దరం చెరువు చుట్టూ నడిచాం. చెప్పాల్సింది చెప్పాను. ఒక చుట్టు పూర్తయింది.

"ఆ మూడు వారాలు కష్టపడితే నేను మెరుగయ్యేవాణ్ణో కాదో నాకు తెలీదు. మీకూ తెలీదు. ఎవరికీ ఎప్పటికీ తెలీదు. నాకు అదే మింగుడు పడటం లేదు" అన్నాడు.

క్షమించాను అనలేదు. నేనూ ఆ మాట కోసం అడగలేదు.

తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. క్లబ్బు నుంచి వచ్చిన లెటర్. ఇంగ్లీషు కొంచెం వచ్చిందని, అయినా భార్యతో చెప్పేముందు ఒకసారి తన భాషలో వినాలని అన్నాడు. "చదవండి. ఏదీ వదలొద్దు."

నిలబడి చదివాను. ఈ సీజన్ తర్వాత ఆటగాడిగా కొనసాగించడం లేదు. మీ వేగం మా స్థాయికి సరిపోవడం లేదు. అసిస్టెంట్ కోచ్‌గా ఒక ఏడాది, జీతం ఇప్పటికంటే తక్కువ, ఏడాది తర్వాత హామీ లేదు. వేగం గురించిన వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఒక్క మాట కూడా మారలేదు. అతను కాగితం తీసుకుని మడిచి, భార్య దగ్గరికి నడిచాడు.

ఆ ఉద్యోగంలో చేరాడు. ఏడాది అయ్యాక ఇంకో ఏడాదికి ఉంచుకున్నారని భార్య నాకు మెసేజ్ పెట్టింది. ఇల్లు మారలేదట.

నేను పరీక్ష రాసి కోర్టు ఇంటర్‌ప్రెటర్‌నయ్యాను. జడ్జి ఒక మాటంటే అదే మాట, ఎంత కటువుగా ఉన్నా. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు కార్‌లో కూర్చుని ఆ రోజు చెప్పినవన్నీ వరసగా గుర్తు చేసుకుంటాను. ఒక్కోరోజు ఎక్కడో ఒక పదం సరిగ్గా పడలేదనిపిస్తుంది. అప్పుడు కార్ లాక్ చేసి, రికార్డులో ఆ పదం సరిచేయించడానికి క్లర్కు ఇంకా ఉన్నారేమో చూద్దామని మళ్లీ కోర్టు మెట్లెక్కుతాను.