స్టాంపు కాగితం మీద పన్నెండు మాటలు

చెవిలో ఊదే మంత్రాలంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఎవరికీ చెప్పకూడని మాటలో బలముండదని, నలుగురి ముందు పెట్టి ప్రశ్నించినప్పుడు నిలిచేదే మాట అని చెప్పడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నేను ఎక్కని వేదిక లేదు. బాణామతి, అంటే చేతబడి, చేసిందని ఒక ముసలామెను ఊళ్లోకి రానివ్వని చోట కూడా నిలబడి ఇదే అడిగాను. రుజువేది? చూసిందెవరు? మనిషి బుద్ధికి ఈ రెండు ప్రశ్నలు చాలనుకునేవాణ్ని. సైన్సు మాస్టరుగా రిటైరయ్యాక నాగర్‌కర్నూల్‌లో ఆదివారం పూట కలిసే ఒక గుంపు సంగతి విని, వాళ్ల భ్రమ వదలగొట్టాలని అక్కడికి వెళ్లాను.

ముప్ఫై మంది దాకా ఉండేవాళ్లు. వాళ్ల ఫోన్లలో ఒక యాప్. రోజుకోసారి అందులో ఒక గుర్తు మీద వేలు పెడితే కాయిన్ కాస్త కాస్తగా జమవుతుంది. ఆ కాయిన్ బ్యాంకులో చెల్లదు, బయట ఎవరూ కొనరు. రేపో మాపో ప్రపంచమంతా కొంటుందని, తాము ముందే మేలుకున్నవాళ్లమని వాళ్ల నమ్మకం. ఆ రోజు వచ్చేదాకా తమలో తాము దానితోనే బేరాలు చేసుకోవాలని నియమం పెట్టుకున్నారు. గద్వాలలో మగ్గమున్న ఒకాయన కాయిన్లకు చీర ఇచ్చేవాడు. వనపర్తి నుంచి వచ్చే హోమియో డాక్టరు కాయిన్లకే మందు ఇచ్చేవాడు. చక్కెర గోలీలకు గాలి నాణేలు సరిగ్గా సరిపోయాయని నేను మొదటి రోజే అన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ డాక్టరే. నాకు కోపం వచ్చింది. వాదించడానికి వెళ్లినవాడికి ఎదుటివాడు నవ్వితే కాలు మోపే చోటు దొరకదు.

సమావేశం జరిగేది ఒక ఆన్‌లైన్ సెంటర్ మేడ మీద. కింద రేషన్ కార్డులు, భూమి పహాణీలు, పరీక్ష ఫీజులు. ఆ సెంటర్ నడిపే ఆమే గుంపుకు పెద్ద. నలభై దాటిన మనిషి. అందరూ మేడం అనేవాళ్లు. కాయిన్లుండే ఖాతాకు తాళంచెవి పన్నెండు ఇంగ్లిషు మాటలని ఆమే చెప్పింది. అవి యాప్ ఇస్తుంది, వరస తప్పకుండా రాసి పెట్టుకోవాలి, పోతే మళ్లీ రావు, ఎవరికి తెలిస్తే వాళ్లు ఖాతా ఖాళీ చేయొచ్చు, కట్టుకున్న భార్యకు కూడా చూపొద్దు అన్నది. నాకు మళ్లీ ఒళ్లుమండింది. ఇది మంత్రోపదేశం కాక మరేమిటని గంటసేపు మాట్లాడాను. ఆమె ఓపిగ్గా విని, చెవిలో చెప్పిన మాట మరిచిపోయినా నష్టం లేదు, ఇది మరిచిపోతే నష్టమని మాత్రం అన్నది. ఆ తర్వాత ప్రతి ఆదివారం దానికి తగ్గ జవాబు వెతుక్కుంటూనే వెళ్లాను. ఏడాది తిరిగేసరికి నా ఫోన్‌లో కూడా ఆ యాప్ ఉంది. ఎందుకు పెట్టుకున్నావని అడిగితే, దగ్గరగా చూసి ఖండించడానికి అని చెప్పుకునేవాణ్ని.

ఆ గుంపులో నేను మనసారా గౌరవించింది ఒక్కరినే. బిజినేపల్లి వెళ్లే దారిలో బోరు మోటర్లకు వైండింగ్ కట్టే దుకాణం ఉన్న సాయిబు. మోటర్ భాయ్ అనేవాళ్లు. కాలిపోయిన మోటరు విప్పి, మాడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్లు చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాడు. తీగకు రూపాయలు, కూలికి కాయిన్లు. గాలి మాటల మధ్య అతని పనికి బరువుండేది. నేను మధ్యాహ్నాలు ఆ దుకాణంలోనే కూర్చునేవాణ్ని. దేవుడి విషయంలో మేమిద్దరం ఒకరినొకరు కదపకూడదని అనుకోకుండానే ఒప్పుకున్నాం.

ఒక మధ్యాహ్నం తిమ్మాజిపేట వైపు నుంచి ఒక రైతు ఆటోలో మోటరు వేసుకొచ్చాడు. అతనూ గుంపులోని మనిషే. పల్లి వేస్తాడు. ఎవరిదైనా పంట తీయడానికి ట్రాక్టరు పంపి కాయిన్లు తీసుకునేవాడు. గుంపులో ఎక్కువ కాయిన్లున్నది అతని దగ్గరే. మోటరు దించి, నా పక్కన స్టూలు లాక్కుని, జేబులోంచి స్టాంపు కాగితం తీశాడు.

"సార్, ఆ పన్నెండు మాటలు నా ఒక్కనికే తెల్సు. రేపు నాకేమన్న అయితే మా ఆమె ఏం జేస్తది? జర పద్ధతిగ రాయుండ్రి. సాక్షులుగ మీ ఇద్దరి సంతకాలు గావాలె."

ఆ భయం వెనక ఒక కథ ఉంది. వాళ్ల నాయన కొన్న రెండెకరాలు సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న బేరం. పట్టా కోసం ఇతను ఆఫీసుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన సాక్షుల్లో ఒకతను బతికి ఉండి, వచ్చి మాట చెప్పబట్టే భూమి దక్కింది. అప్పటినుంచి సాక్షి లేని ఆస్తి ఆస్తి కాదని అతని లెక్క. నా లెక్కా అదే. ఇన్నేళ్ల నా ఉపన్యాసాల సారాన్ని ఒక రైతు స్టాంపు కాగితంగా చేసి తెచ్చినట్టు అనిపించి పొంగిపోయాను.

భాయ్ మాత్రం చేతులు తుడుచుకుంటూ అడ్డం చెప్పాడు. "మేడం ఎవ్వరికీ సూపొద్దన్నది గద సార్. నేనెందుకు సూడాలె? నాకొద్దు."

"నువ్వు దొంగవా భాయ్?" అన్నాను. "దొంగ కానివాడు చూడటానికి భయపడేది ఏముంది?"

ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం వాదం గెలిచాననుకున్నాను. నా చేతులతో నేనే రాశాను. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి సమ్మతితో, ఈ దిగువ పన్నెండు మాటలు నా స్వంతమని, నా తదనంతరం నా భార్యకు చెందునని. కింద ఒకటి నుంచి పన్నెండు దాకా మాటలు. రైతు ఫోన్‌లో చూసి ఒక్కో మాటా చదివాడు, నేను రాశాను, తప్పు పోలేదని చూడటానికి పైకి మళ్లీ చదివాను. భాయ్ సంతకం పెట్టాడు, నేను పెట్టాను. రైతు కాగితాన్ని కళ్లకద్దుకుని మడిచాడు. అలా కళ్లకద్దుకోవడం మూఢత్వమని కూడా ఒక మాట అన్నాను.

మూడు నెలలకు, పల్లి పీకే రోజుల్లో, రైతు ఖాతా తెరిస్తే సున్నా.

ఆదివారం అందరం మేడ మీద చేరాం. మేడం కంప్యూటర్‌లో ఆ కాయిన్ బహిరంగ పద్దు తెరిచి చూపింది. ఎవరి ఖాతానుంచి ఎక్కడికి ఎంత పోయిందీ ఎవరైనా చూడొచ్చు. అదే ఈ కాయిన్ గొప్పతనమని వాళ్లు చెప్పుకునేవాళ్లు. నిజంగానే అంతా కనిపించింది. ఫలానా పొద్దున, ఫలానా నిమిషాన, ఉన్నదంతా ఒకేసారి వేరే ఖాతాకు పోయింది. ఆ ఖాతా పేరు బారెడు అక్షరాలు, అంకెలు. దాని వెనక మనిషి ఎవరో మాత్రం ఎక్కడా లేదు. నేను తెరకు దగ్గరగా జరిగి చాలాసేపు చూశాను. ఇంత నిక్కచ్చి రుజువు నా జీవితంలో చూడలేదు. దానివల్ల ఏమీ తెలియకపోవడం కూడా అంతకుముందు చూడలేదు.

ఏదైనా దొంగ లింకు నొక్కి అందులో మాటలు కొట్టావా అని మేడం రైతును అడిగింది. బిడ్డ మీద ఒట్టు, కొట్టలేదన్నాడు. కాగితం ఎవరికైనా చూపావా అంటే, బీరువాలోంచి తీయనే లేదన్నాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు.

"కాయితం మీద రెండు సంతకాలున్నయి. ఒకటి సార్‌ది. సార్ మీద నాకేం అనుమానం లేదు."

రెండోది ఎవరిదో అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరూ భాయ్ వైపు చూశారు. భాయ్ కూర్చున్న చోటే ఉన్నాడు. కాసేపటికి లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగిపోయాడు. ఆ దిగిపోవడాన్ని కూడా ఒప్పుకోలు కింద రాసుకున్నారు. కూర్చుని ఉంటే మొండితనం అనేవాళ్లు.

యాసంగి పంటకు నీళ్లు పెడుతూ మోటర్లు కాలే కాలం అది. మామూలుగా ఆ దుకాణం ముందు మోటర్లు వరసగా పడి ఉండేవి. పది రోజుల్లో రెండుకు తగ్గాయి. గుంపులోవాళ్లే కాదు, గుంపు సంగతి తెలియని రైతులు కూడా జడ్చర్ల దాకా తీసుకుపోవడం మొదలుపెట్టారు. వాళ్లకు కాయిన్ అంటే ఏమిటో తెలియదు. భాయ్ ఏదో తీశాడట, అంతవరకే తెలుసు. కొందరు అతని పేరు చెప్పకుండా 'వాళ్లు' అనడం మొదలుపెట్టారు. ఒక్క మనిషి మీద మోపిన నింద వాళ్ల గల్లీ అంతటికీ పాకింది. ముసలామెను తరిమిన ఊళ్లో విన్న గొంతు మళ్లీ వినిపించింది. తేడా ఏమిటంటే, అక్కడ నేను బయటివాణ్ని. ఇక్కడ సంతకం పెట్టినవాణ్ని.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నేను లేచి నిలబడ్డాను. వాదం చాలా తేలిక. చూసింది ఇద్దరం. అతన్ని అనుమానించడానికి ఏ కారణముందో నన్ను అనుమానించడానికీ అదే ఉంది. కాబట్టి ఇద్దరినీ అనుమానించండి, లేకపోతే ఇద్దరినీ వదలండి. అందరూ తల ఊపారు. మీరు పెద్దలు, మీకేం అవసరం సార్ అన్నారు. వాళ్ల మర్యాద నాకు గోడలా అడ్డం నిలబడింది. ఆవేశం వచ్చింది. నాకు అవి తెలియవనుకుంటున్నారా అని, కళ్లు మూసుకుని, ఆ పన్నెండు మాటలూ వరస తప్పకుండా అప్పజెప్పాను. ముప్ఫై అయిదేళ్లు పాఠం చెప్పినవాణ్ని. ఒకసారి రాసి, ఒకసారి పైకి చదివింది నాకు పోదు.

కళ్లు తెరిచాను. రైతు నన్నే చూస్తున్నాడు.

"గిన్ని దినాలు ఎందుకు యాది పెట్టుకున్నరు సార్?"

పెట్టుకోలేదు, ఉండిపోయాయన్నాను. అతను అవునన్నట్టు తలాడించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మేడం ఫ్యాన్ వేగం పెంచి, ఇంకో సంగతి ఎత్తింది.

నేను కోరుకున్నదే జరిగింది. భాయ్ దుకాణం ముందు మోటర్లు మెల్లగా మళ్లీ చేరాయి. నాకు ఎదురుపడ్డవాళ్లు మాత్రం నమస్కారం పెట్టి, ఆగకుండా పోయేవాళ్లు. వనపర్తిలో నా ఉపన్యాసం ఒకటి వాయిదా పడింది. మళ్లీ ఎప్పుడని ఎవరూ కబురు చేయలేదు. నేను తీయలేదని నిరూపించడం ఎలా? చేశావన్నవాడే రుజువు తేవాలని ఇన్నేళ్లూ చెప్పాను. కానీ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అననిదానికి రుజువు ఎవరిని అడగాలి?

ఇంతకంటే చిక్కు ఇంకొకటి నాలోనే ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. నేను తీయలేదు. ఆ సంగతి నాకు తెలుసు. చూసింది ఇద్దరమే. అంటే నేను మేడ మీద నిలబడి చేసిన వాదంలో నా సగం తీసేస్తే మిగిలేది అతనే. రైతు ఏదో లింకు నొక్కి సిగ్గుతో దాస్తున్నాడా? యాప్‌లోనే లోపమా? బీరువా తాళం ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఎన్ని దారులు వెతికినా ఆ ఒక్క దారి మూసుకోలేదు. అతని వైపు నిలబడి మాట్లాడిన రోజున కూడా మూసుకోలేదు.

నెల తర్వాత దుకాణానికి వెళ్లాను. అతను విప్పిన మోటరు స్టేటర్ ముందు పెట్టుకుని దాని గాడుల్లో తీగ దూరుస్తున్నాడు. స్టూలు కాలితో నా వైపు నెట్టాడు. కూర్చున్నాను. అతనే తల ఎత్తకుండా అడిగాడు.

"సార్, ఒక్క మాట. మీరే తీసిండ్రా? తీస్తే తీసిండ్రు, నేనెవ్వరికీ చెప్ప. నాకు మాత్రం తెల్వాలె."

నాకు కోపం రాలేదు. ఊపిరి ఆడినట్టయింది.

"లేదు భాయ్," అన్నాను. తర్వాత, "నేనూ నిన్ను అదే అడగాలని నెల నుంచి అనుకుంటున్నా."

అతని చెయ్యి ఆగింది. "మరి ఆ దినం మేడ మీద నా కోసం గట్ల నిలబడ్డరు?"

"నిలబడ్డాను. అడగాలనీ ఉండింది."

"అయితే అడుగుండ్రి."

అడిగాను. లేదన్నాడు. తీగ చివర పళ్లతో పట్టి లాగి, చుట్లు ఎన్నయ్యాయో మరిచిపోయినట్టున్నాడు, మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను అతని మాట నమ్మాను. ఏ ఆధారంతో నమ్మావని ఎవరైనా నిలదీస్తే నా దగ్గర చూపడానికి ఏమీ లేదు. అతను నా మాట నమ్మాడో లేదో అడగాలనిపించింది. అప్పటికే అతని లెక్క యాభై చుట్లు దాటింది. మధ్యలో ఆపితే లెక్క మళ్లీ తప్పుతుందని ఊరుకున్నాను.